నేలమాళిగలో రంగశాల

పదిమంది ఒకచోట కూర్చొని ఒక కథను చూస్తూ, వింటూ, కలిసి నవ్వడం మనకు తరతరాలుగా ఉన్న అలవాటు. తోలుబొమ్మలాటకు తెర కట్టిన చోటు, భాగవతులు కాగడాల వెలుగులో ఆడిన వీధి, పల్లె పొలిమేరలో టూరింగ్ టాకీసు వారు వేసిన డేరా - ఇవన్నీ రంగశాలలే. 1932లో తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వెలువడిన తరువాత ఊరూరా సినిమాహాళ్ళు వెలిశాయి. ఇప్పుడు ఆ రంగశాల ఇంటిలోకే వచ్చింది. దానినే హోమ్ థియేటర్ అంటున్నాం.

2023 వేసవి సెలవులలో నేను అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ శివారులో ఉన్న మా తమ్ముని ఇంట కొన్ని వారాలు గడిపాను. అక్కడ శీతకాలంలో నేల లోతుగా గడ్డకడుతుంది. గడ్డకట్టిన మన్ను ఉబ్బి గోడలను కదిలిస్తుంది కనుక పునాదిని మూడున్నర అడుగుల కంటే లోతుకు దించాలి. ఎలాగూ అంత తవ్వుతారు కనుక మరికొంత తవ్వి, ఇంటి కింద ఒక పెద్ద గదిని మిగుల్చుకుంటారు. దానిని బేస్‌మెంట్ అంటారు; మన మాటలో నేలమాళిగ. మా తమ్ముడు తన నేలమాళిగలో ఇరవై అడుగుల పొడవు, పదమూడు అడుగుల వెడల్పు గల భాగాన్ని రంగశాలగా తీర్చిదిద్దుతున్నాడు.

మా అమ్మ కొన్నేళ్ళుగా వాని వద్దే ఉంటున్నది. ఆమెకు ఎనభై రెండేళ్ళు. వినికిడి మందగించింది. చెవికి యంత్రం పెట్టుకున్నా, నలుగురు కలిసి మాట్లాడేచోట మాటలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. భోజనాల వద్ద అందరూ నవ్వితే తానూ నవ్వేది. ఎందుకు నవ్వారని మాత్రం అడిగేది కాదు. సినిమాలు చూడడం ఎప్పుడో మానేసింది.

వార్ధక్యంలో వచ్చే వినికిడి లోపంలో ఒక విశేషం ఉన్నది. మొదట వినిపించకుండా పోయేవి పై స్థాయి ధ్వనులు. అచ్చులు చాలావరకు కింది స్థాయిలో, బలంగా పలుకుతాయి. స, శ, త వంటి హల్లులు పై స్థాయిలో, బలహీనంగా పలుకుతాయి. అందుచేత శబ్దం పెంచినకొద్దీ అచ్చులు హోరెత్తుతాయే తప్ప హల్లులు తేటపడవు. మన వ్యాకరణంలో హల్లులకు వ్యంజనాలని పేరు. వ్యక్తపరచేది వ్యంజనం. అది మరుగైతే మాట వినబడుతుంది గాని అర్థం వ్యక్తం కాదు. "వినబడుతున్నదే, తెలియడం లేదే" అని అమ్మ తరచు అనే మాటకు అర్థం ఇదే.

నేను వెళ్ళేనాటికి గది వట్టి కాంక్రీటు గోడలతో ఉన్నది. చప్పట్లు కొడితే ఆ చప్పుడు గోడ నుంచి గోడకు తాకి, గణగణమంటూ కొంతసేపు నిలిచేది. ముందు పలికిన అక్షరం అణగకముందే వెనుకటి అక్షరం వచ్చిపడితే మాట అలికినట్లవుతుంది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఒక ఉపన్యాస మందిరానికి ఇదే రోగం పట్టింది. వాలెస్ సాబిన్ అనే యువ ఆచార్యుడు మరొక మందిరం నుంచి ఆసనాల మెత్తలు తెప్పించి, అవి ఎన్ని పరిస్తే ప్రతిధ్వని ఎంత తగ్గుతుందో రాత్రివేళల్లో కొలిచాడు. నేటి మందిర ధ్వనిశాస్త్రానికి ఆ మెత్తలు తొలి పరికరాలలో కొన్ని.

గోడల నిర్మాణం చూస్తూ నేను మా తమ్మునికి నాట్యశాస్త్రం రెండవ అధ్యాయాన్ని వివరించాను. నాట్యమండపం కొండగుహ వలె ఉండాలని, చిన్న కిటికీలతో, గాలి చొరబడకుండా ఉంటే కంఠధ్వని గంభీరంగా పలుకుతుందని భరతముని చెప్పాడు. మానవులకు అరవై నాలుగు మూరల పొడవు, ముప్పై రెండు మూరల వెడల్పు గల మండపమే తగినదన్నాడు. అంతకు మించితే పాత్రల మాట స్పష్టంగా వినబడదు, ముఖంలోని భావం కనబడదు. ప్రేక్షకుల ఆసనాలు మెట్లవలె ఒకదానికంటె ఒకటి ఎత్తుగా ఉండాలన్నాడు. మా తమ్ముడు నవ్వి, "అక్కా, రెండో వరుస కోసం నేను చెక్కతో చేయించిన అరుగు అదేనన్నమాట!" అన్నాడు.

అయితే వాని మనసు మొదట హోరు మీదనే ఉండేది. ఇటువంటి గదిలో ఎదుట మూడు, పక్కల రెండు స్పీకర్లు ఉంటాయి. మంద్రధ్వనులకు సబ్‌వూఫర్ అనే పెద్ద పెట్టె వేరుగా ఉంటుంది. పిడుగు పడితే కుర్చీ కదలాలని వాని కోరిక. సంభాషణ మాత్రం చాలావరకు తెరవద్ద ఉండే నడిమి స్పీకరు నుంచే వస్తుంది. ఉన్న సొమ్ము పెద్ద సబ్‌వూఫర్‌కు చాలుతుంది, లేదా మేలైన నడిమి స్పీకరుకు, గోడలకు దూదివంటి రాతినారను బట్టతో కప్పి బిగించే పలకలకు చాలుతుంది. రెండింటికీ చాలదు.

"రంగశాల ఎవరి కోసంరా?" అని అడిగాను. వాడు ఆ రాత్రంతా లెక్కలు వేసుకొని, ఉదయం పలకలకు కబురు చేశాడు. చిన్న సబ్‌వూఫర్‌తో సరిపెట్టుకున్నాడు.

గది పూర్తయిన తరువాత మొదట వేసిన చిత్రం 1957 నాటి 'మాయాబజార్'. ఆనాటి చిత్రాల శబ్దం ఒకే ధారగా ముద్రితమైనది. మా తమ్ముడు దానిని నడిమి స్పీకరు గుండా మాత్రమే వచ్చేటట్లు అమర్చాడు. తక్కిన పెట్టెలన్నీ మౌనం వహించాయి. శశిరేఖ రూపం దాల్చిన ఘటోత్కచుడు ఒక్కసారి మగవాని ఠీవితో అడుగువేసి మాట్లాడినప్పుడు, ముందు వరుసలో ఉన్న అమ్మ మా అందరికంటె ముందుగా నవ్వింది. తరువాత నా చేయి పట్టుకొని, "ఇన్నాళ్ళూ మీ మొహాలు చూసి నవ్వేదాన్నే. ఇవాళ మాట విని నవ్వాను" అన్నది.

యంత్రాలు ఏటేటా మారుతాయి. అంగడిలో అమ్మేవాడు ఎంత గట్టిగా వినిపిస్తుందో చెబుతాడు. రేపు మీరు ఇల్లు కట్టుకున్నా, బడి కట్టించినా, సభ నిర్వహించినా, వెనుక వరుసలో కూర్చున్న వానికి, చెవి మందగించిన వానికి మాట అందుతున్నదో లేదో ముందుగా విచారించండి. వారికి అందితే తక్కినవారందరికీ అందినట్లే.