కటికి దారిలో వించి జీపు

బొర్రా గుహల పేరు మీరందరూ విన్నదే. మీలో కొందరు విశాఖపట్నంలో రైలెక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అక్కడికి వెళ్ళి కూడా వుంటారు. గుహ చూసి బయటికి రాగానే జీపుల వాళ్ళు చుట్టూ మూగి, "కటికి! కటికి!" అని కేకలు వేస్తారు. కటికి అంటే మరేమీ కాదు, గోస్తనీ నది మీద వున్న ఒక జలపాతం. ఈ గోస్తని ఆ కొండల్లోనే పుట్టి, కిందికి దిగి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ ప్రాంతం లోగడ విశాఖపట్నం జిల్లాలో వుండేది. 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది.

జలపాతానికి పోయే దారిని దారి అనడానికి కొంచెం ధైర్యం కావాలి. ఒక చోట రాళ్ళు, ఒక చోట గండ్లు, వాన పడితే అంతా ఎర్రని బురద. జీపు ఒక పక్కకు ఒరిగినప్పుడు పిల్లలు కేరింతలు కొడతారు. పెద్దలు కమ్మీలు పట్టుకొని దేవుణ్ణి తలుచుకుంటారు. దారికి రెండు వైపులా సిల్వరు ఓకు చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. చూసినంత సేపూ చూడబుద్ధి అవుతుంది.

జలపాతాన్ని గురించి చాలామంది రాశారు, ఇంకా రాస్తారు. నేను మీకు చెప్పదలచినది ఆ చుట్టుపక్కల ఒక చిన్న వూళ్ళో చూసిన జీపును గురించి. అది అద్దె జీపు కాదు. ఒక కాఫీ రైతు సొంత బండి. కాఫీ బస్తాలు దించుకోవటానికి కొనుక్కున్నాడు. కాని అంబులెన్సు రాలేని వూళ్ళు ఆ కొండల మీద ఇంకా వున్నవి. అక్కడ ఎవరికైనా జబ్బు చేస్తే కర్రకు దుప్పటి కట్టి, డోలీలో పడుకోబెట్టి, నలుగురు మోసుకు రావాలి. అందుచేత ఆ రైతు జీపు కాఫీ బస్తాల కన్నా మనుషుల్నే ఎక్కువ మోసిందని వూళ్ళో వాళ్ళు అంటారు.

ఆ జీపు ముందు భాగాన, బంపరు వెనక, ఒక వించి వున్నది. వించి అంటే ఏమిటో చెబుతాను. బావిలో నుంచి నీళ్ళు తోడేటప్పుడు కొన్ని చోట్ల అడ్డంగా ఒక దుంగ వుంటుంది. దాన్ని తిప్పితే తాడు చుట్టుకొని చేద పైకి వస్తుంది. వించి కూడా అంతే. దుంగకు బదులు ఇనప డ్రమ్ము, చేంతాడుకు బదులు ఇనప తీగలు పేనిన తాడు, తిప్పే చెయ్యికి బదులు బ్యాటరీతో నడిచే మోటారు. మోటారుకూ డ్రమ్ముకూ మధ్య పళ్ళ చక్రాలు వుంటవి. నడుమ ఒక చక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు. నడిమి దాన్ని సూర్యుడనీ, చుట్టూ తిరిగే వాటిని గ్రహాలనీ ఇంజనీర్లు పిలుస్తారు. మోటారు చాలా వేగంగా తిరుగుతుంది. ఈ సూర్యుడూ గ్రహాలూ కలిసి ఆ వేగాన్ని తగ్గించి, బలాన్ని పెంచుతవి. జీపు బురదలో దిగబడినప్పుడు తాడు కొసను ఎదురుగా వున్న చెట్టుకు కట్టి మోటారు తిప్పితే, జీపు తనను తానే లాక్కుంటుంది.

వించి అంగట్లో దొరుకుతుంది. కాని దాన్ని జీపుకు పట్టి వుంచే పీట మాత్రం ఆ జీపుకు సరిపోయేటట్టు చేసుకోవలసిందే. దీన్నే మౌంటు అంటారు. అసలు కష్టం అక్కడ వున్నది. ఆ రైతు మొదట వించిని సరాసరి బంపరుకే బిగించాడు. ఒక వానాకాలపు రాత్రి జ్వరంతో వున్న పిల్లవాణ్ణి ఆస్పత్రికి తీసుకుపోతూ వుండగా జీపు గండిలో పడింది. తాడు చెట్టుకు కట్టి లాగేసరికి, జీపు కదలలేదు గాని, బంపరు అప్పడంలా వంగి వించితో సహా వూడి వచ్చింది. మిగిలిన దూరం ఆ పిల్లవాణ్ణి డోలీలోనే మోశారు. పిల్లవాడు బతికాడు. ఇప్పుడు బడికి కూడా పోతున్నాడు. కాని ఆ రాత్రి సంగతి మాత్రం ఆ రైతు ఎవరు అడిగినా చెప్పి తీరతాడు.

బంపరు ఎందుకు వూడింది? అది పలచని రేకు. దేన్నైనా మెల్లగా తాకితే దెబ్బ కాయటానికి పెట్టినదే గాని, బండి మొత్తాన్ని లాగటానికి కాదు. బండికి వెన్నెముక వంటివి కింద నిలువునా వుండే రెండు ఇనప దూలాలు. వాటిని ఛాసీ అంటారు. లాగే బలమంతా ఛాసీకి చేరాలి.

ఆ బలం ఎంత? మనమే లెక్క వేద్దాం. మనుషులూ సామానూ కలిపి జీపు 2,200 కిలోలు అనుకోండి. 30 డిగ్రీల వాలు మీద దాన్ని పైకి లాగాలంటే సగం బరువు, అంటే 1,100 కిలోలు లాగినంత బలం కావాలి. చక్రాలను పట్టుకున్న బురద దానికి తోడు. అందుకే బండి బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగల వించిని ఎన్నుకోమంటారు. మన లెక్కకు 3,300 కిలోలు. ఈ రైతు తెచ్చినది 8,000 పౌన్లది. అంటే సుమారు 3,600 కిలోలు. నిండుగా ఎదిగిన ఆడ ఏనుగు కన్నా అది ఎక్కువ బరువు. అంత బలాన్నీ వించి కింద వుండే నాలుగు బోల్టులు పట్టుకోవాలి. ఒక్కొక్కటి మీ చిటికెన వేలి లావు వుంటుందేమో!

కొత్త మౌంటును వాళ్ళు ఇంటి ముందు చావడిలోనే తయారు చేశారు. రైతు బావమరిది విశాఖపట్నంలో వెల్డింగు పని చేస్తాడు. అతను నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. వెల్డింగు మిషను శృంగవరపుకోట నుంచి అద్దెకు తెచ్చారు. కాని పని మొదలుపెట్టింది మిషను కాదు, కత్తెర! రైతు కూతురు ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్నది. ఆ అమ్మాయి పాత అట్టపెట్టె ఒకటి కోసి, జీపు కింద దూరి, ఛాసీ దూలాల మధ్య దూరం కొలిచి, అట్టతోనే ముందు మౌంటు చేసింది. వించి కాళ్ళ బెజ్జాలు ఒక వైపు 10 అంగుళాలు, రెండో వైపు నాలుగున్నర అంగుళాల దూరంలో వుంటవి. అవి కూడా అట్ట మీద గుర్తుపెట్టింది. తీరా చూస్తే రేడియేటరు ముందు గాలికి దారి మూసుకుపోతున్నది. అట్టను కోసి, రెండంగుళాలు కిందికి దించింది. అదే ఇనుము మీద తేలివుంటే డబ్బూ శ్రమా రెండూ వృథా అయ్యేవి.

అలా దించటం వల్ల ఇంకొక మేలు కూడా జరిగింది. భూమిలో పాతిన గుంజను అడుగున పట్టి లాగండి, కదలదు. కొస పట్టుకొని లాగండి, వూగుతుంది. వించి ఎంత ఎత్తున వుంటే మౌంటు మెడ అంత విరిగేటట్టు వుంటుంది. ఛాసీకి దగ్గరగా, పొట్టిగా వుండటమే క్షేమం.

అట్ట నమూనాను ఇనప పలక మీద పెట్టి గీసి, కోశారు. అడుగు పలక 6 మిల్లీమీటర్ల మందం. దానికి రెండు చివరలా రెండు నిలువు పలకలు. ఆ మూలల్లో త్రికోణాకారపు ముక్కలు నిలబెట్టారు. త్రికోణమే ఎందుకని మీరు అడగవచ్చు. నాలుగు చీపురు పుల్లలు తీసుకొని మూలల్లో దారంతో కట్టి, చతురస్రం చేయండి. వేలితో తోస్తే పక్కకు ఒరిగిపోతుంది. మూడు పుల్లలతో త్రికోణం కట్టి తోసి చూడండి. పుల్ల విరిగితే విరగాలి గాని ఒరగదు. ఇంటి కప్పులోనూ, రైలు వంతెనలోనూ, ఈ మౌంటులోనూ ఇదే కిటుకు.

వెల్డింగు చేసేటప్పుడు బావమరిది ఒక్కసారిగా ఈ కొస నుంచి ఆ కొసకు అతుకు వేయలేదు. ముందు అక్కడక్కడ చుక్కలుగా అతికి, జీపుకు పెట్టి సరిచూసి, విప్పి, తరవాత ఈ మూల కొంచెం, ఆ మూల కొంచెం అతికాడు. ఇనుము వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది గదా! ఒకే చోట వేడి పెడితే పలక మెలి తిరుగుతుంది. జీపు దగ్గర చుక్కలు వేసేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పేశాడు. చూస్తున్న పిల్లల్ని ఇంటి వెనక్కు పంపేశాడు. వెల్డింగు వెలుగు రెండు నిమిషాలు చూసినా రాత్రికి కళ్ళలో ఇసక పోసినట్టు వుంటుంది.

ఛాసీకి మాత్రం వెల్డింగు పెట్టలేదు. వేడికి దాని సత్తువ చెడుతుంది. దూలం పక్క ముఖాన మాత్రమే బెజ్జాలు వేసి, 12 మిల్లీమీటర్ల బోల్టులతో బిగించారు. పై అంచునూ కింది అంచునూ ముట్టుకోలేదు. బరువు మోసేవి ముఖ్యంగా ఆ అంచులే. దూలం లోపల బోలు గనక, బోల్టు బిగిస్తే నొక్కుకుపోకుండా లోపల గొట్టం ముక్కలు పెట్టారు. బోల్టు తల మీద 8.8 అని అంకె వున్నది. మొదటి 8 అంటే ఒక చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల దాకా లాగినా తెగదని. రెండో 8 అంటే అందులో పదింట ఎనిమిది వంతుల దాకా సాగిపోకుండా వుంటుందని. ఈసారి సైకిలు షాపుకు పోయినప్పుడు బోల్టుల తలలు చూడండి.

పెద్దలకు ఒక మాట. బంపరు ముందు ఇనప గొట్టాలతో చేసే క్రాష్ గార్డులు చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. దారిన పోయే మనిషికి తగిలితే అవి ప్రాణం తీస్తవి. అందుకే వీళ్ళు మౌంటును బంపరు వెనకే దాచారు. అయినా బండికి ఏ మార్పు చేయాలన్నా ముందు రవాణా ఆఫీసులో అడగవలసిందే.

నేను వెళ్ళిన రోజు రాత్రి వాన దంచింది. మర్నాడు జీపులో కిందికి వస్తూ వుండగా, ఎక్కుడు దారిలో వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడినవి. అందరం దిగాము. ఎదురుగా పది బారల దూరంలో లావుపాటి పనస చెట్టు. రైతు దాని మొదట్లో ఒక వెడల్పాటి పటకా చుట్టాడు. ఇనప తాడే చుట్టేస్తే బెరడు తెగుతుంది. చెట్టుకు ఆహారం కిందికి దిగేది బెరడు లోపలి పొరలో నుంచే. చుట్టూ తెగితే చెట్టు మెల్లగా చస్తుంది.

పటకాకు ఒక కప్పీ తగిలించి, తాడును దాని చుట్టూ తిప్పి వెనక్కు తెచ్చి, కొక్కెం జీపు ఛాసీకే తగిలించాడు. "అలా ఎందుకూ?" అని అడిగాను.

అమ్మాయి చెప్పింది: "కప్పీ వుంటే లాగే బలం రెండింతలవుతుందండి మాస్టారూ. వేగం సగమవుతుంది, అవనీండి. ఇంకోటేమిటంటే, చెట్టు దగ్గరుంది. తాడు డ్రమ్ము మీద పొరలు పొరలుగా మిగిలిపోతే డ్రమ్ము లావై బలం తగ్గిపోతుంది. ఇలా తిప్పితే ఎక్కువ తాడు బయటికి వస్తుంది."

మరి మొత్తం తాడు బయటికి లాగేయవచ్చునా? కూడదు. కనీసం అయిదు చుట్లు డ్రమ్ము మీద వుండి తీరాలి. గుంజకు తాడు నాలుగు చుట్లు వేసి పట్టుకుంటే ఎద్దును ఒక్క చేత్తో ఆపవచ్చు. ఆ చుట్ల రాపిడే ఇక్కడా తాడును పట్టి వుంచేది.

తాడు మీద తడి గోనె సంచులు వేశారు. ఒకవేళ తెగితే ఆ బరువుకు కొరడాలా లేవకుండా నేల మీద పడుతుంది. మమ్మల్నందరినీ తాడు పొడవు కన్నా ఎక్కువ దూరంలో, పక్కగా, గట్టు మీద నిలబెట్టారు. తాడును ఎవరూ దాటరాదని రైతు గట్టిగా చెప్పాడు. ఆ అమ్మాయి మాత్రం లాగటానికి ముందే సుద్దముక్కతో ప్రతి బోల్టు నట్టు మీది నుంచి పలక మీదికీ, పలక మీది నుంచి ఛాసీ మీదికీ తిన్నగా గీతలు గీసి వచ్చింది.

ఇంజను ఆడుతూ వుండగా మీట నొక్కారు. నిండు బరువు మీద ఇటువంటి మోటారు 300 ఆంపియర్లు దాటి విద్యుత్తు తాగుతుంది. జీపు ముందు దీపం ఒకటి తాగేది 5 ఆంపియర్లు. తాడు బిగుసుకొని కిర్రుమన్నది. కొంతసేపు ఏమీ కదలలేదు. రైతు బంపరు కేసే చూస్తున్నాడు. తరవాత బురద చప్పరించినట్టు శబ్దం చేసి చక్రాలను వదిలింది. జీపు అంగుళం, జానెడు, మూరెడు... మధ్యలో మోటారు చల్లారటానికి రెండుసార్లు ఆపి, చివరకు గట్టి నేల మీదికి చేరింది.

తాడు వదులు చేశాక అమ్మాయి లాంతరులాంటి దీపం పట్టుకొని మౌంటు కిందికి వంగింది. గీతలు సరిగా వుంటే పలక జరగలేదన్నమాట, విరిగివుంటే జరిగినట్టు. ఎనిమిదింటిలో ఏడు సూటిగా వున్నవి. కుడివైపు కింది నట్టు మీది గీత మాత్రం వెంట్రుకవాసి పక్కకు తప్పింది.

"నాన్నా, ఇది కొంచెం తిరిగింది," అన్నది.

రైతు స్పానరు తీసుకొని ఆ నట్టును బిగించాడు. అమ్మాయి పాత గీత చెరిపి, కొత్త గీత గీసింది. అప్పుడు చేతికి తోలు తొడుగులు వేసుకొని, తెగిన తీగలు సూదుల్లా గుచ్చుకోకుండా, ఇద్దరూ కలిసి తాడును పొర పక్కన పొర వచ్చేటట్టు డ్రమ్ము మీదికి చుట్టటం మొదలుపెట్టారు. అది పూర్తి అయ్యేసరికి వాన మళ్ళీ అందుకున్నది.