నైరుతి గది

కొత్త తరం రౌటర్ కొంటే నెట్ ఎంత వేగంగా వస్తుందో అట్టపెట్టె మీద పెద్ద అంకెల్లో రాసి ఉంటుంది. ఏ గది దాకా వస్తుందో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. మా ఇంట్లో వైఫై 6 పెట్టించాక నేను నేర్చుకున్నదంతా ఆ రాయని సంగతి గురించే.

మాది కాకినాడలో పాతకాలపు డాబా. నాన్నగారు కట్టించిన కింది భాగానికి తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. మేడ తరవాత వేశాం. తూర్పు ముఖం ఇల్లు కాబట్టి ఫైబర్ తీగ వీధి స్తంభం మీంచి వచ్చి ఈశాన్యం వైపు హాల్లో దిగింది. పెద్దవాళ్ల పడకగది, అందులో ఇనప బీరువా నైరుతిలో. అంటే తీగ దిగిన చోటికి సరిగ్గా ఎదురు మూల. మధ్యలో రెండు గోడలు, ఒక దేవుడి గూడు. ఆగ్నేయంలో వంటిల్లు, అందులో మైక్రోవేవ్. అది పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, పాత వైఫై నడిచేదీ దాని పక్కనే. వాస్తు చూసి కట్టిన తూర్పు ముఖం ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో, వాటిలో చాలావాటికి ఇదే అమరిక, ఇదే ఇబ్బంది.

మా పాత రౌటర్ వైఫై 4 కాలంనాటిది. 2009లో వచ్చిన ప్రమాణం. అప్పట్లో ఇంటికొక కంప్యూటర్, మహా అయితే ఒక ల్యాప్‌టాప్. ఇప్పుడు మా ఇంట్లో మనిషికొక ఫోను, మేడ మీద అబ్బాయి ఆఫీసు ల్యాప్‌టాప్, టీవీ, గేటు దగ్గర కెమెరా. సాయంత్రం అందరూ ఒకేసారి కూర్చుంటే అబ్బాయి మీటింగు మధ్యలో మాట ఆగిపోయేది, టీవీలో బొమ్మ తిరుగుతూ ఉండిపోయేది. ఫిర్యాదులన్నీ వాళ్ల దగ్గర్నించే. అందుకే కొత్తది తెప్పించాం.

పెట్టె మీద ఏఎక్స్ 3000 అని ఉంది. మూడు వేల మెగాబిట్లు అని చదువుకుంటాం మనం. ఆ అంకె ఎలా వచ్చిందో తెలుసుకోవడం మంచిది. 2.4 గిగాహెర్ట్జ్ మీద 574, ఐదు గిగాహెర్ట్జ్ మీద 2402, రెండూ కూడితే 2976. దాన్ని మూడు వేలు చేశారు. వైఫై 6 ఫోను ఒకసారికి ఒక బ్యాండు మీదే ఉంటుంది కాబట్టి ఆ కూడిక ఏ ఫోనుకూ అందదు. పైగా మామూలు ఫోనుకు రెండు యాంటెనాలు, వాడే చానెల్ వెడల్పు సాధారణంగా 80 మెగాహెర్ట్జ్. దానికి గరిష్ఠం 1201, అదీ కాగితం మీద. మేం నెలనెలా డబ్బు కడుతున్న ప్లాను 200 మెగాబిట్లది.

మరి కొత్త తరం దండగా? కానే కాదు. దాని అసలు గొప్పతనం ఆ అంకెలో లేదు, వంతులు పంచడంలో ఉంది. వైఫైలో గాలి అందరిదీ. ఒక పరికరం మాట్లాడుతుంటే ఆ చానెల్‌లో మిగతావి ఆగాలి. పాత పద్ధతిలో ఒక వాట్సాప్ మెసేజీ వెళ్లాలన్నా చానెల్ మొత్తం దానికే ఇచ్చేయాలి. ఒక్క ప్రయాణికుడి కోసం ఆర్టీసీ బస్సంతా నడిపినట్టు. వైఫై 6లో ఆ చానెల్‌ని చిన్న చిన్న భాగాలు చేస్తారు. 20 మెగాహెర్ట్జ్ వెడల్పులోనే తొమ్మిది పరికరాల దాకా ఒకే తడవలో పంపుకోవచ్చు. గేటు కెమెరా, అబ్బాయి మీటింగు, పక్కింటి పిల్లవాడు మా వరండాలో కూర్చుని చూసుకునే పాఠం, అన్నీ పక్కపక్కనే సాగిపోతాయి. అయితే ఈ పంపకం వైఫై 6 ఉన్న పరికరాల మధ్యే. పాత ఫోన్లు పాత పద్ధతిలోనే వంతు తీసుకుంటాయి.

హాల్లో తేడా మొదటి సాయంత్రమే తెలిసింది. మేడ మీద కూడా మెట్ల దగ్గర బాగానే ఉంది. రౌటర్ బిగించిన కుర్రాడు ఫోనులో వేగం కొలిచి చూపించి, “చూశారా సార్, ఫుల్ స్పీడు,” అన్నాడు. అతను నిలబడింది రౌటర్‌కి రెండు గజాల దూరంలో. “బాబూ, లోపలి గదిలో కూడా ఒకసారి చూడు,” అని నేనే తీసుకెళ్లాను. సిగ్నల్ బలం చూపించే యాప్ తెరిచాడు. హాల్లో మైనస్ 45 డీబీఎం ఉన్నది నైరుతి గదిలో అమ్మ మంచం దగ్గరకొచ్చేసరికి మైనస్ 78 అయింది. మైనస్ పక్క అంకె పెరిగిందంటే సిగ్నల్ తగ్గిందన్నమాట. ప్రతి పది డెసిబెల్స్‌కీ పదోవంతుకి పడిపోతుంది. ముప్పైమూడు తగ్గిందంటే హాల్లో ఉన్న బలంలో దాదాపు రెండువేలో వంతు. బీరువా వెనక, అమ్మ కుర్చీ వేసుకునే కిటికీ దగ్గర ఐదు గిగాహెర్ట్జ్ అసలు కనిపించనే లేదు. ఇనప రేకులోంచి రేడియో తరంగం దూరదు. ఇటుక గోడలోంచి దూరుతుంది గానీ ప్రతి గోడా సుంకం కట్టించుకుంటుంది. ఐదు గిగాహెర్ట్జ్ దగ్గర ఆ సుంకం 2.4 కంటే ఎక్కువ.

అమ్మ అక్కడే కూర్చుని మా మాటలు వింటోంది. “నా ఫోనే పాతదైపోయిందిరా, అందుకే రాదు. మాట్లాడాలంటే హాల్లోకి వస్తాగా,” అంది.

నన్ను కదిలించిన మాట అదే. డాలస్‌లో ఉన్న మా చెల్లెలు రోజూ పొద్దున్నే అమ్మకి వీడియో కాల్ చేస్తుంది. ఆ వేళకి అమ్మ మోకాళ్లు పట్టుకుని గోడ ఆసరాగా నడిచొచ్చి హాల్లో టీవీ పక్క కుర్చీలో కూర్చునేది. అందరి మధ్యా కూర్చోవడం ఆవిడకి ఇష్టమని ఇంట్లో వాళ్లం అనుకునేవాళ్లం. నిజానికి ఆవిడ నడిచొచ్చేది సిగ్నల్ కోసం. ఇంట్లో అందరికంటే తక్కువ నెట్ అందింది ఆవిడకి, ఒక్క ఫిర్యాదూ చెయ్యనిదీ ఆవిడే. తప్పు తన ఫోనుది, తన వయసుది అని సర్దుకుపోయింది. హాల్లో కూర్చున్నవాళ్లం వంద వస్తుంటే రెండొందలు కావాలని అడిగాం.

ఇది మా ఇంటి సంగతే కాదనిపిస్తుంది. అందేవాళ్లే ఇంకా కావాలని అడుగుతారు. అందనివాళ్లు అది తమకి రాదులే అని నడక అలవాటు చేసుకుంటారు. ఊరి చివర ఇళ్లకి పంచాయతీ నీళ్లు రావడంలో, కాలవ శివారు పొలాలకి నీరందడంలో మనం ఎప్పట్నించో చూస్తున్నదే. ఇంటి లోపల కూడా ఒక శివారు ఉంటుందని, అందులో కన్నతల్లి ఉండొచ్చని నాకు ఆ యాప్‌లో అంకెలు చూశాకే అర్థమైంది.

ఆ తరవాత పని చకచకా సాగింది. ఇంకా ఖరీదైన రౌటర్ కొనలేదు. పాత ల్యాండ్‌లైన్ ఫోను రోజుల్లో నాన్నగారు హాల్లోంచి నైరుతి గదికి వేయించిన పైపు గోడలో అలాగే ఉంది. అందులోంచి క్యాట్ 6 కేబుల్ లాగించి, అమ్మ మంచం పై గోడకి, తీగలో వచ్చే నెట్‌ని వైఫైగా పంచే చిన్న యాక్సెస్ పాయింట్ బిగించాం. తీగ లేకుండా సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే ఎక్స్‌టెండర్లు చవగ్గానే దొరుకుతాయి. కానీ ఒకే చానెల్ మీద వినడం, పంపడం రెండూ చేసేది వేగంలో సుమారు సగం అక్కడే ఖర్చు చేసేస్తుంది. తీగ లాగగలిగిన చోట తీగే మేలు.

ఆ తీగ చివర కూడా ఒక పాఠం ఉంది. కేబుల్ కొసన ప్లాస్టిక్ పిన్ను బిగించేటప్పుడు ఆ కుర్రాడి చేతులు దగ్గరగా చూశాను. పై తొడుగు ఒలిచి, జంటలుగా మెలేసి ఉన్న ఎనిమిది సన్నతీగల్ని విడదీసి, నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగుల్ని వరసలో పేర్చి, కొసలు సమంగా కత్తిరించి ఒక్క నొక్కు నొక్కాడు. అతి ఓపికైన పని. ఆ ఎనిమిదింటిలో నాలుగు ఉంటే చాలు 100 మెగాబిట్లు నడుస్తాయి. మిగతా నాలుగింటిలో ఒకటి తెగినా చాలా పరికరాలు చెప్పాపెట్టకుండా వెయ్యి నుంచి వందకి దిగిపోతాయి. దీపం వెలుగుతూనే ఉంటుంది, నెట్ వస్తూనే ఉంటుంది. కొలిస్తే తప్ప తెలీదు. అతను రెండు కొసలకీ టెస్టర్ పెట్టి, ఎనిమిది దీపాలూ వరసగా వెలిగేదాకా వదల్లేదు. మంచి పనివాడు.

అమెరికా నుంచి వచ్చే మనవాళ్లు సూట్‌కేసులో ఆరు గిగాహెర్ట్జ్ బ్యాండు మీద కూడా నడిచే వైఫై 6ఈ రౌటర్లు తెస్తుంటారు. అక్కడ 2020 ఏప్రిల్‌లోనే ఆరు గిగాహెర్ట్జ్‌లో 1200 మెగాహెర్ట్జ్ వెడల్పు లైసెన్సు లేని వాడకానికి తెరిచారు. మన దగ్గర కింది 500 మెగాహెర్ట్జ్‌కి కేంద్ర టెలికాం శాఖ ముసాయిదా నియమాలు ప్రకటించింది 2025 మేలో. ఆ బ్యాండు రద్దీ లేనిది, హాయిగా ఉంటుంది. కానీ పౌనఃపున్యం పెరిగే కొద్దీ గోడ దాటే శక్తి తగ్గుతుంది. అక్కడి ఇళ్లలో గోడలు చాలావరకు చెక్క చట్రానికి కొట్టిన జిప్సం బోర్డులు. మన తొమ్మిదంగుళాల ఇటుకకి, ఇనప చువ్వల స్లాబుకి ఆరు గిగాహెర్ట్జ్ ఏ గదిలో పెడితే దాదాపు ఆ గదికే పరిమితం. వైఫై 7 పెట్టించినా అంతే. తరం మారే కొద్దీ మన ఇళ్లలో గోడల వెనక తీగ అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇప్పుడు నైరుతి గదిలో మైనస్ 50 ఉంది. అమ్మ ఫోను అదే పాతది. అది 2.4 మీదే నడుస్తుంది, బొమ్మ ఆగకుండా వస్తోంది.

కాబట్టి కొత్తగా నెట్ పెట్టించుకునేవాళ్లకి ఒక మనవి. బిగించడానికి వచ్చినవాళ్లని హాల్లోంచి పంపేయకండి. ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడేవాళ్లు ఉండే గది ఏదో మీకు తెలుసు. తలుపు వేసి, వాళ్ల ఫోనుతోనే, వాళ్లు కూర్చునే చోట కొలిపించండి. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లయితే గోడలకి పూత పడకముందే ఎలక్ట్రీషియన్‌కి చెప్పి, కరెంటు పైపుకి కాస్త ఎడంగా ప్రతి గదికీ ఇంకో పైపు వేయించండి. గోడ కొట్టే కూలి ఎలాగూ ఇస్తున్నారు, అదనంగా అయ్యేది పైపు ఖర్చే.