ఇటుక బట్టీలో ఒడియా వాచకం

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు వెళ్లే బస్సులో కంది దాటి, రుద్రారం దాటి ఇస్నాపూర్ చౌరస్తాకు వచ్చేసరికి చుట్టూ వినబడే మాటలు మారిపోతాయి. షిఫ్టు దిగిన మనుషులు పాశమైలారం వైపు నుంచి ఆటోల్లో వచ్చి ఇక్కడ దిగుతారు. ఒకరు భోజ్‌పురిలో ఫోను మాట్లాడుతుంటే, పక్కనే ఇద్దరు ఒడియాలో కూరగాయల బేరం గురించి వాదించుకుంటుంటారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్లు వాళ్లలో ఎందరో. ఈ పారిశ్రామిక వాడ ఎవరి రెక్కల మీద నడుస్తోందో చాలామందికి ఆ రోజే తెలిసింది.

ఫ్యాక్టరీలకు వచ్చేవాళ్లలో చాలామంది ఇంటివాళ్లను ఊళ్లో వదిలి వస్తారు. ఇటుక బట్టీలకైతే పిల్లాపాపలతో సహా తరలివస్తారు. నేను వెళ్తున్నది ఆ పిల్లల దగ్గరికే. తెలుగు తప్ప మరొకటి బోధించడం ఎరగని టీచరుని. ఆ పిల్లలకు తెలుగు రాదు, నాకు ఒడియా రాదు. తెలిసే బయల్దేరాను.

పటాన్‌చెరులో దిగి ఆటోలు మారుతూ బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం మీదుగా జిన్నారం వైపు వెళ్లాను. మందుల ఫ్యాక్టరీల ఘాటు వాసన సన్నగిల్లాక ఊక కాలుతున్న వాసన మొదలైంది. బట్టీ దగ్గర లెక్కలు చూసే మున్షీ నన్ను చూసి, "ఏం చెప్తరు మేడం, వాళ్లకు మన మాటే రాదు కదా" అన్నాడు. అయినా తనే కుర్చీ తెచ్చి రేకుల షెడ్డు నీడలో వేశాడు.

ఈ కుటుంబాలు పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాలవి. కొత్త పంటతో నువాఖాయి పండుగ చేసుకున్నాక కూలీలను కుదిర్చే సర్దార్ ఇచ్చే అడ్వాన్సు తీసుకుంటారు. కాంటాబాంజి వంటి స్టేషన్లలో రైలెక్కి వస్తారు. వానలు పడేదాకా ఆ అడ్వాన్సుకు చెల్లుగా ఇటుకలు కోస్తారు. లెక్క వెయ్యి ఇటుకలకింత. భార్యాభర్తలతో పాటు ఒక పిల్లో పిల్లాడో కలిస్తేనే ఒక జట్టు. తెల్లవారకముందే పని మొదలవుతుంది కాబట్టి, ఆరిన ఇటుకలను తిరగేసి వచ్చిన పిల్లలు పదింటికి నా ముందు కూర్చుని కునుకుతారు. అది బద్ధకం కాదు, నిద్ర చాలకపోవడం. మొదట కాసేపు పడుకోనిచ్చేదాన్ని.

షెడ్డులో ఒక ట్రంకు పెట్టె ఉంది. నిండా ఒడిశా ప్రభుత్వం ముద్రించిన వాచకాలు. ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ ఇటుక బట్టీల్లో వర్క్‌సైట్ బడులు నడుస్తున్నాయి. పుస్తకాలు ఒడిశా నుంచి వస్తాయి, ఒడియా తెలిసిన వాలంటీరును పెడతారు. నేను వెళ్లేనాటికి అక్కడ పుస్తకాలున్నాయి, వాలంటీరు లేడు.

ఆ వాచకం ఇంటికి తెచ్చుకుని రాత్రిళ్లు అక్షరాలు దిద్దాను. రూపం కొత్తదే కానీ వరుస మనదే: క ఖ గ ఘ, చ ఛ జ ఝ. వరుస ఒకటే కావడంతో పని త్వరగా సాగింది. ఒక రోజు తామర బొమ్మ కింది మాటను నేను 'కమళ' అని చదివితే ఊళ్లో బడికి వెళ్లిన పిల్లలు ఒక్కసారిగా 'కొమొళొ' అన్నారు. నాకే పాఠం చెప్పే ధైర్యం వాళ్లకు వచ్చింది. ఇక ఎవరు చదివినా మిగతావాళ్లు వినడం, సరిచేయడం. నా బోధన అంతా ఆ పద్ధతిలోనే నడిచింది. అయితే బడికి ఎన్నడూ వెళ్లని పిల్లలకు ఆ పుస్తకంలోని ఒడియా కూడా కొంత దూరమే. వాళ్లు ఇంట్లో మాట్లాడేది సంబల్‌పురి. అక్కడ పలకని చివరి అచ్చులు పుస్తకంలో పలుకుతాయి.

లెక్కలకు ఇంత కష్టం లేదు. ఇటుకల వరుసలే ఎక్కం. 'ఏకొ, దుయి, తిని' అంటూ పది పది పేర్చి, పది వరుసలు కలిపితే వందని నేను చూపించేలోపే, వెయ్యికి ఎన్ని వరుసలు కావాలో చెప్పింది పదేళ్లుంటాయేమో ఒక అమ్మాయి. తమ్ముణ్ణి చంకనేసుకునే కూర్చునేది. చిన్నప్పటి నుంచి ఏటా బట్టీకి వస్తూ మున్షీ తెలుగు పట్టేసింది. నా మాటలు పిల్లలకు, వాళ్ల మాటలు నాకు చేరవేసేది ఆ అమ్మాయే. "దిదీ, వాడు పుస్తకం ఇంటికి తీస్కపోతా అంటుండు" అని మన యాసలోనే చెప్పేది. అందరి మాటలూ మోసేదే కానీ తన పాఠం తాను చదువుకోవడానికి ఆమెకు వ్యవధి ఉండేది కాదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. నాకు ఒడియా వచ్చి ఉంటే ఆ పిల్ల మూడో తరగతి వాచకం పూర్తి చేసేది.

వలస కూలీల పిల్లలకు వాళ్ల భాషలో బడి కొత్త ఆలోచనేమీ కాదు. మలయాలో రబ్బరు తోటలకు మనవాళ్లు కూలికి వెళ్లిన కాలంలో, పదిమంది బడి ఈడు పిల్లలున్న తోట యజమాని బడి పెట్టాలని 1923 లేబర్ కోడ్ చెప్పింది. వాటిలో ఎక్కువ తమిళ బడులు, కొన్ని తెలుగు బడులు. వాటి చదువు అంతంత మాత్రమే అయినా, పిల్లల ముందు నిలబడ్డది వాళ్ల భాష తెలిసిన మనిషి. మన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ చదువు హక్కని చెబుతూ, వీలైనంతవరకు అది మాతృభాషలో ఉండాలంటుంది. జిన్నారం పక్కన ఆ వీలు కష్టమేమీ కాదు. ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడితే ఒడియా చదువుకున్న యువకులు ఎందరో కనిపిస్తారు.

మే నెలలో కుటుంబాలు సామాను కట్టుకునే ముందు, ఒక్కో పిల్ల ఏ పాఠం దాకా వచ్చిందో ఒక కాగితం మీద తెలుగులోనూ నేను నేర్చుకున్న ఒడియాలోనూ రాసి తల్లుల చేతికిచ్చాను. ఊళ్లో మాస్టరుకు చూపించమని ఆ అమ్మాయి చేతే చెప్పించాను. తిరుగు దారిలో ఆ కాగితాల నకలును విద్యాశాఖ కార్యాలయంలో ఇచ్చి, వచ్చే సీజనుకు బట్టీ వెలిగేలోపే ఒడియా వాలంటీరును పెట్టాలని, నేను అతని పక్కన లెక్కలు చెబుతానని అర్జీ రాసిచ్చాను.