కావలూరు కొండపై ఒక రాత్రి

మేము మూడు తరాలుగా బెంగుళూరులో కాపురముంటున్న తెలుగువాళ్ళం. మా చదువు మెట్రిక్యులేషన్‌తో ఆగిపోయింది. గుమాస్తా జీతంతో సంసారం నెట్టుకొస్తున్నాము. అటువంటి ఇంట్లో మా పెద్దమ్మాయి భౌతికశాస్త్రంలో బి.యస్సీ. ఆనర్సు చదవడం మాకు గర్వమూ, గుబులూ కూడాను.

ఆనర్సు పిల్లలకు తరగతి పాఠాలతోనే సరిపోదట. బెంగుళూరులోని సైన్సు అకాడమీవారు, ఢిల్లీ, ప్రయాగరాజ్ అకాడమీలతో కలిసి, వేసవిలో రెండు మాసాలపాటు విద్యార్థులను శాస్త్రజ్ఞుల వద్ద ఉంచి పని నేర్పిస్తారు. భత్యం కూడా ఇస్తారు. ఏమి నేర్చుకోదలచినదీ విద్యార్థి స్వయంగా వ్రాయాలి. గురువుగారి సిఫార్సు జాబు కూడా ఉండాలి. అమ్మాయి దరఖాస్తు పంపిన తరువాత సంగతి చెప్పింది.

"ఎంపికైతే ఏ ఊరికి వేస్తే ఆ ఊరు వెళ్ళాలి నాన్నా. పంపిస్తారా?" అని అడిగింది.

"మార్కులు బాగానే వస్తున్నవి కదమ్మా. సెలవుల్లో బ్యాంకు పరీక్షకు చదువుకో" అన్నాము. పిల్ల ఎదురు చెప్పలేదు. రెండు రోజులు మాట్లాడనూ లేదు. చివరకు ఇంట్లో ఇల్లాలే, "కాదనేముందు ఆ పిల్ల చదివేదేమిటో ఒకసారి కళ్ళతో చూద్దాం" అన్నది. ఆ విధంగా కిందటి ఫిబ్రవరిలో ఒక శనివారం ముగ్గురమూ కావలూరు ప్రయాణమైనాము.

జోలారుపేటలో రైలు దిగి బాడుగ కారు మాట్లాడుకున్నాము. మా మాటలు విని డ్రైవరు తెలుగులోకి దిగాడు. "మా ఇంట్లోనూ ఇదే భాషండీ, రాయను మాత్రం రాదు" అన్నాడు. వాణియంబాడి, ఆలంగాయం దాటగానే దారి జవ్వాది కొండల్లోకి ఎక్కుతుంది. ఇరువైపులా అడవి, ఊళ్ళ దీపాలు దూరమైపోతాయి. వేధశాలకు కావలసినది ఆ చీకటే. పైగా ఇక్కడినుండి ఉత్తరాకాశమే గాక దక్షిణాకాశం కూడా చాలామేరకు కనిపిస్తుందట.

ఇక్కడ పని 1960 తరువాతి దశకంలో ఒక చిన్న దూరదర్శినితో మొదలయింది. నేడున్న పెద్దదానికి 2.34 మీటర్ల అద్దం. ఆ అద్దాన్ని బెంగుళూరులోనే సానపట్టారని తెలిసి మాకు ముచ్చటవేసింది. ఈ వేధశాలను నెలకొల్పిన వైణు బప్పుగారు 1982లో కాలం చేశారు. పెద్ద దూరదర్శిని 1986లో పనిలోకి వచ్చింది. దానికీ, వేధశాలకూ ఆయన పేరే పెట్టారు.

బప్పుగారి కథ అమ్మాయి దారిలోనే చెప్పింది. ఆయన 1927లో జన్మించారు. తండ్రిగారు హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసేవారు. ఈయన నిజాం కళాశాలలో చదువుతూనే రాత్రులు ఆకాశం పరిశీలించి, కాంతి మారే నక్షత్రాలను గూర్చి విద్యార్థిగానే వ్యాసాలు వ్రాశారు. ఆ తరువాత అమెరికాలో హార్వర్డుకు వెళ్ళి, 1949లో ఇంకో ఇద్దరితో కలిసి ఒక తోకచుక్కను కనుగొన్నారు. ఆ రాత్రుల చదువుకు ఏ పరీక్షలోనూ మార్కులు ఉండి ఉండవు.

చీకటిపడ్డాక సందర్శకులకు చిన్న దూరదర్శినిలో ఆకాశం చూపించారు. తలెత్తి చూడగానే ఇల్లాలు, "అదిగో గొల్లకావిడి! మా అమ్మ చూపించేది" అన్నది. వరుసగా ఉన్న ఆ మూడు చుక్కలకు దిగువన ఒక మసక వెలుగు ఉన్నది. దూరదర్శినిలో అది పాలపొగలాగా కనిపించింది. అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నవనీ, మా కంటబడిన ఆ వెలుగు బయలుదేరి సుమారు 1,300 సంవత్సరాలయిందనీ అమ్మాయి చెప్పింది. మా వెనుక వరుసలో నిలబడిన ఒక తమిళ కుర్రవాడు ఏదో అడిగాడు. అమ్మాయి తనకు వచ్చిన కొద్దిపాటి తమిళంలో, చేతులు తిప్పుతూ, అంతా విడమరచి చెప్పింది. ఇంట్లో అడిగినదానికి ముక్తసరిగా జవాబిచ్చే పిల్ల ఈమేనా అనిపించింది. పది మంది మూగి విన్నారు. మేమూ ఆ పది మందిలో నిలబడి విన్నాము.

బప్పుగారికి వేధశాల తలుపు తెరవగల తండ్రి ఉన్నారు. మాకు అంతటి శక్తి లేదు. కాని మా ఇంటి తలుపు గడియ మా చేతిలోనే ఉన్నది కదా! తిరుగుదారిలో, "ఏ ఊరు వేసినా పంపిస్తాము, బ్యాంకు పరీక్ష తరువాత చూద్దాం" అన్నాము. పిల్ల బదులు చెప్పలేదు. తల్లి భుజం మీద తల ఆన్చి నిద్రపోయింది.

ఫలితం ఇంకా రాలేదు. రాకపోయినా విచారం లేదు. బెంగుళూరు నెహ్రూ ప్లానెటోరియంవారు బి.యస్సీ. విద్యార్థులకు కళాశాలలో చెప్పని పాఠాలు విడిగా చెబుతారని విన్నాము, అక్కడికైనా పంపుదామనుకుంటున్నాము. మన సమాజంలో ఆనర్సు చదివే పిల్లలున్న తలిదండ్రులకు మా మనవి ఒక్కటే. మార్కుల పట్టీ చూడడంతో సరిపెట్టక, పాఠాలకు బయట మీ బిడ్డకు ఏ అవకాశమున్నదో గురువులను వాకబు చేయండి. వీలైతే పిల్లలతోపాటు మీరూ ఒకసారి వెళ్ళి చూచి రండి.