గొడుగు ఎప్పుడు విప్పాలి?

రాకెట్‌ని పైకి పంపడం గొప్పే. చెక్కు చెదరకుండా కిందికి దించడం అంతకన్నా గొప్ప! అమెరికాలోని మొహావీ ఎడారిలో పిల్లలూ పెద్దలూ నెలనెలా పడే తంటా అదే. అక్కడ అందరి నమ్మకమూ అగ్గిపెట్టెంత ఆల్టీమీటర్ మీదే.

‘‘పిన్నీ, పైకెళ్లడం తేలికే. కిందికి రావడమే కష్టం!’’

కారు వెనక సీట్లో రాకెట్‌ని పసిపిల్లలా ఒళ్లో పడుకోబెట్టుకుని మా అక్క కొడుకు అన్నమాట ఇది. వాడికి పదమూడేళ్లు. లాస్‌ఏంజెలెస్‌కి దగ్గర్లోని అర్వైన్‌లో ఉంటారు అక్కావాళ్లు. ఈమధ్య వాళ్లింటికి వెళ్లినప్పుడు డిస్నీలాండ్ చూపిస్తారనుకున్నా. వీడేమో ‘ముందు నా రాకెట్ చూడాల్సిందే’ అని పట్టుబట్టాడు.

పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసాలు సర్దుకుని తెల్లారకముందే బయల్దేరాం. కహోన్ కనుమ దాటాక ఊళ్లు పలచబడ్డాయి. రోడ్డుకి అటూ ఇటూ జాషువా చెట్లు... చేతులు పైకెత్తి నిలబడ్డ మనుషుల్లా. మరికాసేపటికి లూసెర్న్ వ్యాలీ, దాని పక్కనే లూసెర్న్ డ్రై లేక్.

నీళ్లు లేని చెరువు

పేరుకే సరస్సు. చుక్క నీరుండదు. బీటలు వారిన మట్టినేల బల్లపరుపుగా పరుచుకుని ఉంటుంది. చుట్టూ బోడికొండలు. మే నెలలో మా ఊరి చెరువు గుర్తొచ్చింది. వాన పడితే మాత్రం అంతా బురదే, కారు దిగబడిపోతుంది.

రాకెట్లకి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. చిక్కుకోవడానికి కొమ్మల్లేవు, కరెంటు తీగల్లేవు. రాకెట్ ఎక్కడ దిగినా కనిపిస్తుంది. అందుకే రాకెట్రీ ఆర్గనైజేషన్ ఆఫ్ కాలిఫోర్నియా అనే క్లబ్బు ఇక్కడ నెలకోసారి ప్రయోగాలు నిర్వహిస్తుంది. మేం వెళ్లేసరికే వరసగా కార్లు, గుడారాలు, మడత కుర్చీలు. మనవళ్లతో వచ్చిన తాతలు, కాలేజీ కుర్రాళ్లు... అచ్చం తిరునాళ్లే! కాకపోతే అందరి తలలూ ఆకాశం వైపు.

చెప్పుల కొట్లో పుట్టింది

ఈ సరదా మొదలై డెబ్భై ఏళ్లు. నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్ఫోక్‌లో ఆర్విల్ కార్లైల్‌కి చెప్పుల కొట్టు ఉండేది. ఆయనకి మందుగుండు పిచ్చి, సోదరుడు రాబర్ట్‌కి బొమ్మ విమానాల పిచ్చి. రెండూ కలిసి 1954లో, మందు కూరిన చిన్న మోటారుతో ఎగిరి పారాచూట్‌తో దిగే రాకెట్ తయారైంది. ఇళ్లలో సొంతంగా మందు కలిపి పిల్లలు చేతులు కాల్చుకుంటున్న రోజులవి. అలాంటప్పుడు, మోటారు బయట కొనుక్కుని మళ్లీ మళ్లీ ఎగరేసుకునే రాకెట్ కొత్త దారి చూపింది.

ఈ మోటార్ల మీద ‘సి6-5’ అని ఉంటుంది. ‘సి’ దాని శక్తి తరగతి. 6 అంటే సగటున ఆరు న్యూటన్ల తోపు. చివరి 5... మందు కాలిపోయాక ఐదు సెకన్లకి లోపల చిన్న పేలుడు జరిగి పారాచూట్ బయటికొస్తుందని అర్థం. ఆలోపు రాకెట్ శిఖరానికి చేరుతుందన్నది లెక్క.

మావాడి మొదటి రాకెట్‌ని ముంచింది ఆ లెక్కే. 450 మీటర్ల ఎత్తులో గొడుగు చక్కగా విచ్చుకుంది. సెకనుకి నాలుగున్నర మీటర్ల చొప్పున దిగాలంటే వంద సెకన్లు. గాలి సెకనుకి ఆరు మీటర్లు. అంటే ఆరువందల మీటర్ల దూరం! పైన గాలి ఇంకా జోరుగా ఉందేమో, కొండల వైపు పోయి కనుమరుగైపోయింది. రెండు నెలల కష్టం. బావగారు, వాడు ఎండలో మూడు గంటలు వెతికారట.

అందుకే ఈసారి ఆల్టీమీటర్.

గాలి బరువు చూసే చిప్పు

పైకెళ్లే కొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. నేలకి దగ్గర్లో ప్రతి ఎనిమిదిన్నర మీటర్లకీ సుమారు ఒక మిల్లీబారు. రాకెట్ గొట్టానికి చిన్న బెజ్జాలు పెడితే బయటి పీడనం లోపలి సెన్సర్‌కి తెలుస్తుంది. పీడనం తగ్గడం ఆగి, మళ్లీ పెరగడం మొదలైందా... రాకెట్ శిఖరం దాటినట్టే!

మావాడిది జాలీ లాజిక్ వాళ్ల చూట్ రిలీజ్. మడిచిన పారాచూట్ చుట్టూ రబ్బరు బ్యాండుతో బిగిస్తారు. పైన పారాచూట్ బయటపడినా విప్పుకోదు. మూటలాగే కిందికొస్తుంది. మనం పెట్టిన ఎత్తుకి రాగానే పట్టు వదిలేస్తుంది. వంద మీటర్లకి పెడితే గొడుగు కింద తేలేది ఇరవై రెండు సెకన్లే.

పక్క గుడారంలో రిటైరైన పెద్దాయనది ఇంకో పద్ధతి. ఆల్టీమీటరే రెండుసార్లు మందు పేలుస్తుంది. శిఖరం దగ్గర చిన్న గొడుగు, 150 మీటర్ల దగ్గర పెద్ద గొడుగు. ఇలాంటివి వంద డాలర్ల లోపే దొరుకుతున్నాయి. టంకం పెట్టడం వస్తే విడిభాగాలు కొని ఇంకా చవగ్గా చేసుకోవచ్చు. రాకెట్ దిగాక ‘కీచు కీచు’మంటూ ఎంత ఎత్తుకెళ్లిందో చెబుతుంది. ఆయన కళ్లు మూసుకుని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంటే మా అమ్మ జపం చేసుకుంటున్నట్టే ఉంది.

వెలగని దీపం

ఎగరేసే ముందు తనిఖీ ఉంటుంది. బల్ల దగ్గర వలంటీరు రెక్కలు లాగి చూశాడు. బరువు ఎక్కడుందో చూశాడు. ‘‘ఆన్ చేశావా?’’ అన్నాడు. ‘‘చేశాను’’ అన్నాడు మావాడు ధీమాగా. ‘‘తీసి చూపించు’’ అన్నాడాయన.

తీశాడు. దీపం వెలగలేదు.

ఇంట్లో ఆన్ చేసి చూసుకున్నాడు. చార్జింగ్ అయిపోతుందని కారులో ఆపేశాడు. మళ్లీ వేయడం మర్చిపోయాడు. అలాగే ఎగరేసుంటే రబ్బరు బ్యాండు వీడేదే కాదు. ఆల్టీమీటర్ లేకపోతే రాకెట్ దూరంగా పోతుంది. ఉండీ పనిచేయకపోతే నేల కూలుతుంది, కింద మనుషులున్నా సరే! మావాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. వలంటీరు తిట్టలేదు. ‘‘అందుకే అడుగుతాం’’ అని పంపించాడు.

ఇది పిల్లల పొరపాటేం కాదు. 2004లో నాసా జెనిసిస్ క్యాప్సూల్ యూటా ఎడారిలో నేలను ఢీకొట్టింది. సెన్సర్లు తలకిందులుగా ఉండటంతో పారాచూట్ విప్పే సంకేతమే రాలేదు. 2016లో యూరప్ పంపిన స్కియాపరెల్లి అంగారకుడి దగ్గర ఇంకా చాలా ఎత్తులో ఉండగానే, తాను నేల కిందున్నానని లెక్క తప్పి పారాచూట్ వదిలేసుకుంది. ఈ క్రీడలో కూడా అన్నిటికన్నా పై మెట్టయిన లెవెల్-3 రాకెట్లకి విడివిడిగా రెండు ఎలక్ట్రానిక్ వ్యవస్థలు ఉండాల్సిందే.

మైకులో లెక్క మొదలైంది. ఐదు, నాలుగు, మూడు... బుస్సుమంటూ లేచింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పైన చిన్న పొగ. రాకెట్ రెండు ముక్కలై పల్టీలు కొడుతూ దిగుతోంది. గొడుగు లేదు. ఇంకా లేదు. మావాడు ఊపిరి బిగబట్టాడు. అంతలో ‘టప్’మని నారింజరంగు గొడుగు! గట్టిగా చూస్తే రెండొందల అడుగులేస్తే అందేంత దూరంలో దిగింది. వాడు పరిగెత్తాడు, వెనకాలే బావగారూ.

తిరిగొస్తూ బావగారు చిన్ననాటి సూళ్లూరుపేట కబుర్లు చెప్పారు. ‘‘శ్రీహరికోట నుంచి ఎన్ని పైకెళ్లాయో మేడ మీంచి చూశాను. దిగడం అన్న మాటే తట్టేది కాదు’’ అన్నారు. 2023 అక్టోబరు 21న అక్కడి నుంచే ఎగిరిన గగన్‌యాన్ పరీక్ష మాడ్యూల్ పారాచూట్లతో బంగాళాఖాతంలో దిగింది. రేపు అందులో మనుషులు కూర్చుంటారు మరి!

వెనక్కి తిరిగి చూశా. మావాడు నిద్రపోతున్నాడు. ఎడమచేతి మీద పెన్నుతో రాసుకున్న మాట కనిపిస్తోంది... ‘ఆన్’.