టొట్టోరికి దారి

మనవాళ్ల బృందాల్ని జపాన్ తిప్పి తీసుకురావడం నా ఉద్యోగం. టోక్యో, క్యోటో, ఒసాకా అయితే పెద్ద తలనొప్పి లేదు, సగం పని బుల్లెట్ రైలే చేసిపెడుతుంది. ఇసుక దిబ్బలు చూస్తామని ఎవరైనా టొట్టోరి పేరెత్తితేనే నేను టైంటేబుళ్లు ముందేసుకుని కూర్చుంటాను. మన రాష్ట్రాల్లాంటి 47 ప్రిఫెక్చర్లలో అతి తక్కువ జనాభా దానిదే. బుల్లెట్ రైలు అక్కడికి పోదు.

టోక్యో హనేదా నుంచి విమానంలో గంటంపావు. టొట్టోరి ఎయిర్‌పోర్టు పేరులో డిటెక్టివ్ కోనన్ ఉన్నాడు. ఆ బొమ్మల కథల రచయిత గోషో అవోయామాది ఈ ప్రిఫెక్చరే. పిల్లలకు అక్కడే సగం యాత్ర అయిపోతుంది. కానీ రోజుకు కొన్ని విమానాలే, శీతాకాలం మంచు ముంచుకొస్తే అవీ అనుమానమే.

అందుకే బృందాన్ని ఒసాకాలో సూపర్ హకుతో అనే రైలు ఎక్కిస్తాను. రెండున్నర గంటల ప్రయాణం. డీజిల్ బండే అయినా 130 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, మలుపుల్లో ఒరుగుతూ పోతుంది. మధ్యలో కామిగొరి నుంచి చిజు దాకా పట్టాలు జపాన్ రైల్వేస్, అంటే జేఆర్‌వి కావు, చిజు ఎక్స్‌ప్రెస్ అనే వేరే సంస్థవి. దేశమంతా తిరిగే జేఆర్ పాస్ ఆ ముక్కకు చెల్లదు, విడిగా కట్టాలి. ఈ సంగతి ముందురోజు రాత్రి భోజనాల దగ్గరే చెప్పేస్తాను. రైల్లో చెబితే నేనేదో నొక్కేస్తున్నట్టు చూస్తారు! ఆవకాయ సీసాలతో బరువెక్కిన పెట్టెల్ని కూడా ముందే కొరియర్లో హోటల్‌కు పంపేస్తాను.

అసలు పరీక్ష స్టేషన్ బయట సిటీ బస్సు. దిబ్బలకు ఇరవై నిమిషాలే.

"కండక్టరేడీ బాబూ?"

"లేడు బాబాయిగారూ. వెనక తలుపు దగ్గర అంకె వేసిన చీటీ తీసుకోండి."

ముందున్న బోర్డు మీద ఆ అంకె కింద ఛార్జీ పెరుగుతూ ఉంటుంది. దిగేటప్పుడు చీటీ, సరిపడా నాణేలు కలిపి డ్రైవర్ పక్కనున్న పెట్టెలో వేయాలి. అక్కడ చిల్లర మార్చే మిషన్ ఉంటుంది గానీ అది సాధారణంగా వెయ్యి యెన్ల నోటు దాకానే. మనవాళ్ల జేబుల్లో అన్నీ పదివేల నోట్లే. వెనక జపాన్ ముసలమ్మలు పల్లెత్తు మాట అనకుండా నిలబడతారు, నాకే సిగ్గేస్తుంది. ఇప్పుడు స్టేషన్‌లోనే మనిషికింతని నాణేలు పంచేస్తున్నాను.

ఇద్దరు ముగ్గురైతే విమానం, అంతకు మించితే హకుతో రైలు. ఎలా వెళ్లినా, తిరుగు ఆఖరి బస్సు ఎన్నింటికో చూసుకున్నాకే దిబ్బ ఎక్కండి.