రోహిణి నుండి మృగశిరకు

ఏటేట మే నెల కడపటివారము వచ్చినంతనే నాకు రాత్రులు నిద్ర తేలికయగును. ఎక్కడనో ఆకు కాలిన వాసన వచ్చినట్లు తోచి లేచి కూర్చుందును. ఇంటివారు నవ్వుదురు. మా ఇంటికిప్పుడు తాటాకు కప్పు లేదు. వీధిలో ఎవ్వరి యింటికిని లేదు. అయినను ముప్పదియేండ్లకు పైబడిన యలవాటు మానుట కష్టము. ఈ యలవాటు పుట్టిన విధమును చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన పంచాంగములు సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున నిలుచు కాలమును కార్తె యని వ్యవహరించును. ఒక కార్తె పదుమూడు పదునాలుగు దినములు. ఇంచుమించుగా మే 11వ తేదీన కృత్తిక, 25వ తేదీన రోహిణి, జూన్ 8వ తేదీన మృగశిర, 22వ తేదీన ఆర్ద్ర ప్రవేశించును. కృత్తికకు అధిదేవత అగ్ని, రోహిణికి ప్రజాపతి, మృగశిరకు సోముడు. రోహిణిలో రోళ్లు పగులుననియు, మృగశిరలో ముంగిళ్లు చల్లబడుననియు మన పల్లెటూళ్లలో ఆబాలగోపాలము చెప్పుకొందురు. అగ్నిచేతినుండి సోముని చేతికి లోకము మాఱు నెలదినముల కథ యిది. కాళిదాసు ఋతుసంహారమును వేసవితోనే యారంభించి, అందు కార్చిచ్చును వర్ణించి, పిమ్మట వర్షర్తువునకు వచ్చెను. కవికి ఈ రెండును ప్రక్కప్రక్క సర్గములు. పేదవానికి ఈ రెండింటినడుమ ఒక యింటికప్పు కలదు.

మాది కృష్ణా డెల్టాలో ఒక గ్రామము. కాలువలున్న సీమలో నిప్పునకు భయమేమని పరదేశస్థులు తలంతురు. కాని కాలువలకు నీరు కట్టివేయునది వేసవిలోనే. కట్టుటకు ముందు చెరువులు నింపుకొందురు. ఆ నీటితో తొలకరి దాక ఈడ్చుకొని రావలయును. అదే కాలమున పడమటిగాలి వీచును. దక్కను పీఠభూమిపై కాగి యెండిన గాలి పల్లమునకు దిగునప్పుడు మఱింత వేడెక్కును. ఆ గాలి బలముగా నున్న దినమున సముద్రపుగాలి తీరము దాటి లోనికి రాజాలదు. మధ్యాహ్నమునకు తాటాకు అప్పడమువలె పెళుసెక్కును. మా నాయనమ్మ ప్రొద్దు పొడువకముందే వంట ముగించి, పొయ్యిలో కుండెడు నీళ్లు పోసి, బూడిదను చేతితో తాకి చూచి గాని లేచెడిది కాదు. అది ఆచారమని యామె యనుకొనెను, శాస్త్రమని నేనిప్పుడనుచున్నాను.

1991వ సంవత్సరము రోహిణికార్తెలో, నాకు పదియేండ్ల ప్రాయమున, మా గడ్డివామి యంటుకొనెను. ఎవరి చుట్టనుండి రాలిన నిప్పో నేటికిని తెలియదు. వామి మాది యనుట మాత్రము తెలియును. అది ఊరికి తూర్పుకొనను నుండెను. దానికి నూరుగజముల దూరమున, ఒక పంటబోదె కావల, పల్లె యుండెను. ఊరనగా మేము, పల్లె యనగా వారు. ఈ రెండుమాటల యర్థము మా ప్రాంతమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. పడమటిగాలి మండుచున్న గడ్డిపరకలను పిడికిళ్లతో నెత్తి పల్లెమీద చల్లెను. ఒక కప్పునుండి మఱియొక కప్పునకు మంట దూకుట నేను మా డాబామీదనుండి చూచితిని. నలువదిరెండిండ్లు గంటలోపల కాలిపోయెను. నిట్రాళ్లు మాత్రము నల్లని వ్రేళ్లవలె నిలిచెను. పట్టణమునుండి అగ్నిమాపకశకటము వచ్చునప్పటికి పోయవలసినది బూడిదమీదనే. మనుష్యులు చావలేదు; పొలములకు పోయియుండిరి. కట్టివేసిన మేకలు చచ్చినవి.

వారి కుంట అప్పటికే యెండియుండెను. నీరున్నది మా మంచినీళ్లబావిలో. దానికి నాలుగు గిలకలు. పల్లెవారు కడవలతో పరుగెత్తివచ్చి చప్టా దిగువ నాగిరి. ఎవ్వరును వారిని ఆపలేదు. ఆ సంగతి మఱువరాదు. వారే యాగిరి. వారి కాళ్లకు ఆ గీత తెలియును. మా తాతగారు చప్టామీద నిలిచి, మిక్కిలి మెత్తగా, ‘తొందరపడకండి నాయనా, మావాళ్లు తోడి పోస్తారు, పట్టుకు వెళ్లండి’ అనిరి. మావాళ్లు తోడిరి కూడ. తోడువారు నలుగురు, అందిద్దఱు ముసలివారు. కండలు తిరిగిన యువకులు నలువదిమంది వట్టికడవలతో వరుసగా నిలుచుండి, తమ యిండ్లు కాలుచుండుట మెడలు త్రిప్పి చూచుచుండిరి. అంటరానితనమును రాజ్యాంగము 17వ అధికరణమున నిషేధించినది 1950లో. దానిని నేరముగా శిక్షించు చట్టము వచ్చినది 1955లో. అప్పటికి ముప్పదియాఱేండ్లు గడచినవి. చట్టము మా బావిచప్టా నాలుగు మెట్లెక్కలేకపోయెను. నిప్పు మా వైపునుండి గడియలో పోయినది; నీరు పోలేకపోయినది.

మా తాతగారు క్రూరులు కారు. భారతము నాకు చదివి వినిపించినది వారే. ఆదిపర్వము చివర ఖాండవదహనము వచ్చును. శ్వేతకి యజ్ఞమున నేయి మితిమీఱి త్రాగి అజీర్తి పొందిన అగ్ని ఖాండవమును కోరుట, ఇంద్రుడు వాన కురిపించుట, అర్జునుడు బాణములతో పందిరి యల్లి ఒక్క చినుకైన లోపల పడకుండ చేయుట — ఆ ఘట్టము విన్నప్పుడెల్ల అర్జునుని చేతివాటమునకు నేను చప్పట్లు కొట్టుచుంటిని. ఆ యడవిలోనుండి బ్రతికి బయటపడినవారు ఆఱుగురే: తక్షకుని కొడుకు అశ్వసేనుడు, మయుడు, శార్ఙ్గకములను నాలుగు పక్షిపిల్లలు. తక్కినవారి మాట నేనెన్నడును అడుగలేదు. ఆ వేసవి పిమ్మట అడుగకుండ నుండలేకపోయితిని. నిప్పునకును నీటికిని నడుమ అల్లిన శరపంజరమును నేను కన్నులార చూచితిని. దానిని అల్లుటకు గాండీవ మక్కఱలేదు. ‘తొందరపడకండి నాయనా’ అను నొక మెత్తని మాట చాలును.

మఱునాడు రచ్చబండకడ విచారణ జరిగెను. ఎండకే కొంప అంటుకొన్నదని కొందఱు, గ్రామదేవతకు పల్లెవారు ఆ యేడు జాతర సరిగా జరుపలేదని కొందఱు అనిరి. ఎండ యెంత తీవ్రమైనను నీడలో నలువదియెనిమిది డిగ్రీలకు మించుట మనసీమలో అరుదు; ఎండుటాకు తనంతట తాను రాజుకొనుటకు రెండువందల డిగ్రీలకు పైబడిన వేడి కావలయును. ఎండ ఆకును సిద్ధపఱచును. గాలి నిప్పును మోయును. నిప్పు మాత్రము మనుష్యుని చేతిలోనిదే. సూర్యునిమీదను దేవతమీదను నేరము మోపుటలో నొక సౌఖ్యమున్నది: గడ్డివామి యెవరిదని యెవ్వరు నడుగరు. మా యింట నెవ్వరును అడుగలేదు.

తరువాత పండ్రెండు దినములు ఆకాశము కాగిన పెనమువలె నుండెను. సర్కారు బియ్యమును కొంతసొమ్మును వచ్చెను. ఆకు కొనుటకు అది చాలలేదు; ఆ కాలమున కప్పునకు పనికివచ్చు ఆకు దొరకుటయు కష్టమే. పల్లెవారు చింతచెట్లక్రింద గోనెపట్టాలు కట్టుకొనియుండిరి. సెలవులకు మూసియున్న బడిలో వారిని ఉంచవచ్చునుగదా యని యెవరో అనిరట. బడి కమిటీలో మా తాతగా రొక పెద్ద. తాళపుచెవి మా నట్టింటి గోడకు మేకున వ్రేలాడుచుండెను. ‘వాన రానీ, అప్పుడు చూద్దాము’ అని పెద్దలు నిశ్చయించిరి.

వాన వచ్చెను. మృగశిర ప్రవేశించిన మూడవనాటి సాయంకాలము గాలి తిరిగెను. ఈ తిరుగుట ఎట్లు జరుగునో నేను పిల్లలకు పాఠముగా చెప్పుచుందును. వేసవియంతయు కాగిన ఉత్తరపు నేలమీద గాలి తేలికయై పైకి లేవగా, ఆ లోటు పూడ్చుటకు సముద్రముమీది తేమగాలి నైరృతి దిక్కునుండి పరుగెత్తివచ్చును. సాధారణముగా జూన్ 1వ తేదీకి కేరళతీరము తాకి, వారము పదిదినములలో మన జిల్లాలకు చేరును. కాని పాఠము వేఱు, ఆ సాయంకాలము వేఱు. ఎఱ్ఱని దుమ్ము లేచెను, ఆకాశము నల్లబడెను, పావుగంటలో దేహమునుండి ఒక జ్వరము దిగినట్లయ్యెను. తొలిచినుకుకు నేల కమ్మనైన వాసన విడిచెను. భూమికి గంధము లక్షణమని మన తార్కికులు చెప్పిరి. ఎండిన మట్టినుండియు రాళ్లనుండియు తొలివానకు లేచు నీ వాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులిద్దఱు, బేర్, థామస్ అనువారు, పెట్రికోర్ అని పేరు పెట్టిరి. కన్నౌజి నగరమున దానిని అత్తరుగా దింపుదురు. మేము పిల్లలము ముంగిట గంతులు వేసితిమి. మా తాతగారు పడకకుర్చీలో కూర్చుండి ‘బ్రతికాము’ అనిరి.

ఆ మాట నాకు మఱునాటివఱకు తప్పుగా తోచలేదు. రాత్రియెల్ల వాన కురిసెను. మేము పదునైదు దినములకు మొదటిసారి దుప్పటి కప్పుకొని నిద్రించితిమి. చింతచెట్లక్రిందివారు పసిపిల్లలను కడవలలో కూర్చుండబెట్టి, పైన గోనె కప్పి, తెల్లవాఱులు నిలుచుండిరి. ఒకే వాన. ఎవని తలపై కప్పున్నదో వానికి అది అమృతము. కప్పు కాలినవానికి అది రెండవ యగ్ని.

మఱునాటి సాయంకాలము తిరిగి మబ్బు పట్టగా మా నాయనమ్మ మేకునుండి తాళపుచెవి తీసెను. ఆమెకు అక్షరము రాదు. బడిలో నెన్నడును అడుగుపెట్టినది కాదు. మా తాతగారు గచ్చు పాడగుననియు, పిమ్మట శుద్ధి చేయింపవలసివచ్చుననియు గొణిగిరి. ఆమె గడపమీద నిలిచి, ‘గచ్చు తడిస్తే తుడవడానికి నేనున్నాను. ఆ పసివాళ్లు తడిస్తే తుడవడానికి మీరు వస్తారా?’ అని, బదులుకొఱకు నిలువక వానలో నడచిపోయెను. ఆ రాత్రి నలువదిరెండు కుటుంబములు బడిలో పరుండినవి. గోడలు కూలలేదు. ఏ దేవతయు కోపింపలేదు. సెలవులు ముగిసిన పిదప అవే బల్లలమీద మేము కూర్చుండి చదివితిమి.

కాని ఒక్కరాత్రి ఆలస్యమైనది. మా పశువులపాకకు ఏటేట ఫాల్గుణమాసమున ఆకు కప్పుచుండిన వృద్ధుడొకడు ఆ మొదటిరాత్రి తడిసి, జ్వరము తగిలి, నాలుగవనాడు బడియరుగుమీద మరణించెను. కప్పు కుట్టునప్పుడు నాకు తాటాకుబుఱ్ఱ చేసి యిచ్చెడివాడు. అగ్ని చంపనివానిని వాన చంపినదని ఊరివారనిరి. వానయు చంపలేదు; అగ్నియు చంపలేదు. మేకుకు వ్రేలాడిన తాళపుచెవి చంపినది. ఈ మాట నా నోట వచ్చుటకు నాకు చాలయేండ్లు పట్టెను. మా తాతగారు జీవించియుండగా అనలేకపోయితిని. అది వారియందలి గౌరవమో నా పిరికితనమో, రెండింటిని వేఱుచేయుట నాకిప్పటికిని చేతకాదు.

ఇప్పుడా గ్రామమున తాటాకిల్లు కానరాదు. పల్లెలోను డాబాలే; బావి పూడినది; కొళాయిలు వచ్చినవి. కనుక ఈ కథ గతించినదని చదువరులు తలంపవలదు. కప్పు లేనివాడు ఊరు మార్చుకొన్నాడు గాని లేకపోలేదు. ఇటుకబట్టీలకడ, మిరపకోతలకు వలసవచ్చినవారి గుడారములలో, పట్టణపు మురుగుకాలువల గట్లమీద వానిని చూడవచ్చును. 2015 మే నెలలో ఉభయ తెలుగు రాష్ట్రములలో వడగాడ్పుకు వేయిమందికి పైగా మరణించిరి. వారిలో ఎండలో పనిచేయక తప్పనివారును వృద్ధులును మెండు. 2016 ఏప్రిలులో బీహారు ప్రభుత్వము పూరిండ్లు కాలిపోవుచుండుట చూచి, ఉదయము తొమ్మిదినుండి సాయంకాలము ఆఱువఱకు పల్లెలలో వంటపొయ్యి వెలిగింపవలదని యాజ్ఞ యిచ్చెను. అది విని మా నాయనమ్మ తడిబూడిద నాకు జ్ఞాపకమునకు వచ్చెను. నల్లమలలోను శేషాచలమునందును ఆకురాల్చిన యడవులకు వేసవిలో మంటలంటుచునే యున్నవి. అక్కడను నిప్పు తఱచుగా మనుష్యుని చేతినుండియే జాఱును.

మన కార్తెలును స్థిరములు కావు. భూమి యిరుసు మెల్లగా తిరుగుటచే నక్షత్రప్రవేశములు ఋతువులతో పోల్చగా డెబ్బదిరెండేండ్లకు ఒక దినము చొప్పున వెనుకకు జరుగుచున్నవి. వేయియేండ్లక్రిందటి మృగశిర నేటికంటె రెండువారములు ముందుగా వచ్చెడిది. నక్షత్రములే యింత జరుగుచుండగా, గడపకడను బావికడను మనము గీచుకొన్న గీతలు జరుగవని వాదించుట ఏ శాస్త్రము?

నేను పెద్ద సంస్కర్తను కాను, బడిపంతులును. నా చేతనైన పని చిన్నది. రోహిణికి ముందు మా విద్యార్థులతో ఊరంతయు తిరిగి, గడ్డివాములు ఇండ్లకు దూరముగా వేయుడనియు, ప్రొద్దుననే వండుకొనుడనియు, వాకిట నీటితొట్టి నింపుడనియు చెప్పించుచున్నాను. సెలవులలో బడి తాళపుచెవులు రెండు చేయించి, ఒకటి నాకడ నుంచుకొని, రెండవదానిని కాలనీలోని యొక తల్లికి ఇచ్చుచున్నాను. ఎందులకని పైయధికారి యొకరు అడుగగా, వాన యెవ్వరిని అడిగి రాదుగదా యని చెప్పితిని. ఆయన నవ్వి ఊరకుండెను.

ఈ సంవత్సరమును మృగశిర వచ్చును. గాలి తిరుగును, మట్టి పరిమళించును, మనము ‘బ్రతికాము’ అందుము. ఆ మాట అనుటకు ముందు ఒక్కమాఱు వీధికొనవఱకు నడచి, ఎవరి తలపై కప్పు లేదో చూచి రావలయునని నా మనవి. అందఱి కప్పులు చూచి తిరిగివచ్చిన పిదప తడిమట్టి వాసన మఱింత కమ్మగా నుండునని నేను అనుభవముమీద చెప్పగలను.